మా నాయనకి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది, కరెంటుతో (రేడియేషన్) పాటు అల్ట్రాసౌండ్ కూడా పెట్టించొచ్చా?

కనిగిరి_కందిచేను:

అందరికీ నమస్కారం. మాది కనిగిరి పక్కన పల్లె. మా నాయనకి 68 ఏళ్ళు, మొన్నమొన్నటిదాకా పొగాకు, కంది వేసుకుంటా పొలంలోనే ఉండేవాడు. రెండేళ్ళ నుంచి నడుం నొప్పి, తుంటి నొప్పి అంటానే ఉన్నాడు. మా వైపు సంగతి తెలిసిందే కదా, బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్, ఊళ్ళో పెద్దోళ్ళు చాలామంది నడుం వంగిపోయి కీళ్ళు బిగుసుకుపోయి ఉంటారు, అందుకని ఇదీ ఆ నొప్పేలే అనుకున్నాం, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించడం, రెండు రోజులు తగ్గడం, మళ్ళా మామూలే. రాత్రిపూట ఐదారుసార్లు ఒంటేలుకి లేస్తుంటే షుగరేమో అని అది చూపించాం గానీ ప్రొస్టేట్ సంగతి మాకెవరికీ తట్టలా. సంక్రాంతి అయినాక ఒకరోజు ఒంటేలు పూర్తిగా బిగుసుకుపోయింది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క చుక్క రాలా, పొత్తికడుపు రాయిలాగా అయింది, కారులో ఒంగోలు తీసకపోతుంటే దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆడ పైపు వేసి రక్తపరీక్ష చేస్తే పీఎస్ఏ, అంటే ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్ అంట, 212 వచ్చింది. మామూలుగా 4 లోపు ఉండాలంట.

తర్వాత నెల్లూరు తీసకపోయాం. బయాప్సీలో గ్లీసన్, అంటే క్యాన్సర్ ఎంత మొండిదో చెప్పే లెక్క అంట, 4+5, మొత్తం 9 అని రాశారు. బోన్ స్కాన్‌లో మూడు మచ్చలు, కుడి తుంటి దగ్గర ఒకటి, కటి ఎముకలో రెండు. వెన్నుపూసలో, ఊపిరితిత్తుల్లో, లివర్లో ఏమీ లేదన్నారు. హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టి నెలన్నర అయింది, పైపు తీసేశారు, ఆ బాధ పోయింది గానీ తుంటి నొప్పి మాత్రం పోలా. నులక మంచం మీద నుంచి లేవాలంటే ముందు ఎడమ కాలు కింద పెట్టి, రెండు చేతులతో కుడి తొడ పట్టుకుని దించుకుంటున్నాడు, చూడలేకపోతున్నాం.

డాక్టరు గారు ముందు తుంటికి రేడియేషన్ పెడదాం, తర్వాత ప్రొస్టేట్ గ్రంథికి కూడా పెడదాం అన్నారు. కరెంటు పెట్టడం అనేసరికి మా నాయన వద్దంటే వద్దని కూర్చున్నాడు. మా మేనత్తకి గొంతులో గడ్డకి కరెంటు పెట్టినప్పుడు నోరంతా పూసి గుక్కెడు నీళ్ళు మింగలేక ఆమె పడ్డ బాధ ఆయన కళ్ళారా చూశాడు. ఇంతలో మా బావ ఒక వీడియో పంపించాడు, కోత లేదు, కరెంటు లేదు, అల్ట్రాసౌండ్‌తో ప్రొస్టేట్ క్యాన్సర్‌ని కాల్చేస్తాం, మర్నాడే ఇంటికి పోవచ్చు అని అందులో చెప్తున్నారు. ఇంకోచోట చదివితే ఆ అల్ట్రాసౌండ్‌ని రేడియేషన్‌తో కలిపి ముదిరిన క్యాన్సర్‌కి వాడి చూస్తున్నారని ఉంది. కరెంటు లేకుండా అయిపోద్దా, రెండూ కలిపితే మంచిదా, కలిపితే ముందు ఏది తర్వాత ఏది, మన చుట్టుపక్కల ఎక్కడన్నా చేస్తారా, ఈ ఆలోచనలో మూడు వారాలు గడిచిపోయినయి, తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి. డబ్బుకి వెనకాడను గానీ పొలం అమ్మి పెట్టినాక పని జరక్కపోతే మా నాయన తట్టుకోలేడు.

కావలి_లైనాక్:

తమ్ముడూ, మాది కావలి. పదకొండేళ్ళుగా చెన్నైలో రేడియేషన్ మెషిన్ మీద పని చేస్తున్నా, టెక్నాలజిస్టుని. మందుల సంగతి మీ డాక్టరు గారే చెప్పాలి, మెషిన్ల సంగతి నేను చెప్తా.

ముందు మీ నాయన భయం గురించి. మనోళ్ళు కరెంటు పెట్టడం అంటారు గానీ ఒంట్లోకి కరెంటు పోయేదేమీ ఉండదు. అవి ఎక్స్‌రే కిరణాలే, కాకపోతే బాగా శక్తి ఉన్నవి. ఎక్కడ తగిలితే ఇబ్బంది అక్కడే. మీ మేనత్తకి గొంతుకి పెట్టారు కాబట్టి నోరు పూసింది, మీ నాయనకి తుంటికి పెడితే నోటికేం కాదు, తల వెంట్రుక కూడా ఊడదు. మొదట సీటీ స్కాన్ తీసి ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టుకుంటారు, చర్మం మీద ఆవగింజ కంటే చిన్న చుక్కలు పొడుస్తారు. పెట్టే రోజు గదిలో ఆయనొక్కడే పడుకుంటాడు, మేము బయట కెమెరాలో చూస్తా మైకులో మాట్లాడతా ఉంటాం, మెషిన్ ఆయన చుట్టూ తిరుగుతూ గుయ్యిమంటది, వేడి తగలదు, నొప్పి తెలియదు, పది పదిహేను నిమిషాల్లో లేపుతాం. మొన్న గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నేను లేపుతుంటే ఎప్పుడు మొదలుపెడతారు బాబూ అని అడిగాడు, అప్పటికే అయిపోయింది. ఇవన్నీ మీ నాయనకి నువ్వు చెప్పడం కంటే వీలుంటే ఆ గది ఒకసారి చూపించమని అడుగు, చాలా చోట్ల చూపిస్తారు, కళ్ళతో చూస్తే సగం భయం పోద్ది.

ఇక అల్ట్రాసౌండ్. మీ బావ పంపిన వీడియో ఒకటి, నువ్వు చదివింది ఒకటి, పేరు ఒకటే గానీ పనులు వేరు, అక్కడే నువ్వు తికమక పడుతున్నావు. మామూలు స్కానింగ్‌లో వాడే శబ్ద తరంగాలే ఇవి కూడా. ఒక్కొక్క తరంగం దారిలో చర్మానికీ కండకీ ఏమీ చేయదు, అన్నిటినీ తీసుకొచ్చి లోపల వడ్లగింజంత చోట కలిపితే ఆడ వేడి 60 డిగ్రీలు దాటిపోద్ది, ఆ కండ అక్కడికక్కడే ఉడికి చచ్చిపోద్ది. వీడియోలోది ఏందంటే, మలద్వారం గుండా ఒక గొట్టం పెట్టి ప్రొస్టేట్ గ్రంథిని ఈ పద్ధతిలో కాల్చడం. అది గ్రంథి దాటి బయటికి రాని క్యాన్సర్‌కి. మీ నాయనకి ఎముకల్లో మచ్చలున్నాయి, గ్రంథిని మొత్తం కాల్చేసినా ఆ తుంటి మచ్చ అట్టాగే ఉంటది, నొప్పీ అట్టాగే ఉంటది.

నువ్వు చదివిన రెండోది ఎముక నొప్పి కోసం చేసేది అయ్యుంటది. ఎమ్మారై మెషిన్‌లో పడుకోబెట్టి, నొప్పి ఉన్నవైపు జెల్ రాసి, కింద నుంచి తరంగాలు పంపిస్తారు. ఎముక ఈ శబ్దాన్ని బాగా పీల్చుకుంటది, అందుకని వేడంతా ఎముక పైపొర మీద నిలబడిపోద్ది, నొప్పి చెప్పే నరాలు ఉండేది ఆ పొరలోనే, అవి కాలిపోతే నొప్పి తగ్గిపోద్ది. ఎంత వేడెక్కిందో ఎమ్మారై ఎప్పటికప్పుడు బొమ్మ మీద చూపిస్తుంటది, పేషెంట్ చేతిలో ఒక బటన్ పెడతారు, ఓర్చుకోలేకపోతే నొక్కితే ఆగిపోద్ది. అమెరికాలో 2012లో దీనికి పర్మిషన్ ఇచ్చారు, అదీ రేడియేషన్ పని చేయనోళ్ళకి, పెట్టడం కుదరనోళ్ళకి, వద్దన్నోళ్ళకి. 2014లో వచ్చిన ట్రయల్‌లో 147 మంది రకరకాల క్యాన్సర్ల వాళ్ళు, నిజంగా చేసినోళ్ళలో 64 శాతం మందికి మూడు నెలల దగ్గర నొప్పి తగ్గి ఉంది, ఉత్తుత్తిగా మెషిన్ పెట్టినోళ్ళలో 20 శాతం మందికే.

మరి కలపడం ఎందుకంటే, రేడియేషన్ నొప్పి తగ్గించడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల పడుతుంది, కానీ లోపల క్యాన్సర్ కణం మీద పని చేస్తది. అల్ట్రాసౌండ్ రెండు మూడు రోజుల్లోనే నొప్పి లాగేస్తది గానీ తన వేడి తగిలిన చోటే. ఒకటి తొందరగా, ఒకటి లోతుగా. రెండూ కలిపితే ఏమన్నా లాభమా అని యూరప్‌లో ఫర్దర్ అనే ట్రయల్ పెట్టారు, నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్ళు ముందుండి, జర్మనీ, ఇటలీ, ఫిన్లాండ్ వాళ్ళూ చేరారు. కొందరికి రేడియేషన్ ఒక్కటే, కొందరికి అల్ట్రాసౌండ్ ఒక్కటే, కొందరికి రెండూ. అది ట్రయల్ తమ్ముడూ, అంటే పోల్చి చూడటానికి పెట్టింది. మన దగ్గర ఎమ్మారైలో చేసే ఈ మెషిన్లు కొన్ని పెద్ద నగరాల్లోనే ఉన్నాయి, అవి కూడా ఎక్కువగా గర్భసంచి గడ్డలకీ, చేతులు వణికే జబ్బుకీ వాడుతున్నారు. దాని కోసం తిరుగుతా రేడియేషన్ ఆపబాక. మూడు వారాలు పోయినాయని రాశావే, అది నాకు నచ్చలా.

సింగరాయకొండ_సముద్రం:

అన్నలూ ఒక మాట. మా మామకి 2021లో ప్రొస్టేట్ క్యాన్సర్ అంటే ఒక పెద్ద సిటీలో ఈ అల్ట్రాసౌండే చేయించాం, ఒక్కరోజు ఆసుపత్రిలో ఉన్నాడు, వారం పది రోజులు పైపుతో ఉన్నాడు, అంతే, కరెంటు లేదు ఇంజెక్షన్లు లేవు, ఇప్పటికీ పీఎస్ఏ 1 దాటలా, సైకిల్ తొక్కుకుంటా రొయ్యల చెరువుకి పోతున్నాడు. పని చేయదు అని ఎందుకు అంటున్నారో తెలియదు, ముసలాయన్ని కరెంటుకి తిప్పేదానికంటే ఒకసారి ఆడ చూపించుకోమని నా సలహా. డబ్బులు అయితే గట్టిగానే అయినాయి.

పొదిలి_యూరో:

సింగరాయకొండ అన్నా, మీ మామ బాగున్నందుకు సంతోషం. ఆయన పాత రిపోర్ట్ ఒకసారి తీసి చూడండి, పీఎస్ఏ పది, పదిహేను లోపే ఉండి, గ్లీసన్ 6 గానీ 7 గానీ ఉండి, బోన్ స్కాన్‌లో ఏమీ లేదని రాసి ఉంటుంది. అలాంటి వాళ్ళకి అది పనికొస్తుంది. కనిగిరి అన్న వాళ్ళ నాన్నగారికి పీఎస్ఏ 212, గ్లీసన్ 9, ఎముకల్లో మచ్చలు. రెండూ ప్రొస్టేట్ క్యాన్సరే గానీ చేను ఒక మూల అంటుకోవడానికీ, నిప్పురవ్వలు పక్క చేలల్లో పడటానికీ ఎంత తేడానో అంత తేడా. దయచేసి ఆ సలహా ఈయనకి ఇవ్వబాకండి.

నేను యూరాలజీలో పీజీ చేస్తున్నా, సొంతూరు పొదిలి. కావలి అన్న చెప్పింది చాలావరకు సరిగ్గా ఉంది, నేను కొన్ని కలుపుతా.

ఆ గొట్టం పెట్టి చేసే అల్ట్రాసౌండ్‌కి అమెరికాలో 2015లో పర్మిషన్ వచ్చింది, కానీ ఆ కాగితంలో ప్రొస్టేట్ కండని కాల్చడానికి అని ఉంది, క్యాన్సర్ నయం చేయడానికి అని లేదు. వీడియోలు చేసేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. గ్రంథికి రేడియేషన్ పెట్టిన కొన్నేళ్ళకి మళ్ళా అక్కడే క్యాన్సర్ వస్తే, బయటికి పాకకపోతే, దీన్ని రెండో ప్రయత్నంగా వాడతారు. ఇక్కడ ముందూ వెనకా అనేది చిన్న విషయం కాదు. ఒకసారి రేడియేషన్ తిన్న కండకి మానే శక్తి తగ్గిపోయి ఉంటుంది, దాని మీద మళ్ళా వేడి పెడితే మూత్రనాళానికీ మలద్వారానికీ మధ్య గోడ చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది. చిల్లు పడితే మూత్రం వెనకనుంచి వస్తుంది, దాన్ని సరిచేసే ఆపరేషన్ ఎంత కష్టమో నేను థియేటర్‌లో నిలబడి చూశాను. కాబట్టి రెండూ చేయిస్తే రెండింతలు మంచిది అనే లెక్క గ్రంథి దగ్గర నడవదు.

కలపడం గురించి ఇంకో దారిలో కూడా పరిశోధన జరుగుతోంది, అదీ నాకు నిజంగా ఆశ పుట్టించేది. కాల్చేంత వేడి కాకుండా 41 నుంచి 43 డిగ్రీల దాకా గోరువెచ్చగా వేడి చేస్తే గడ్డలోకి రక్తం, దాంతో ఆక్సిజన్ ఎక్కువ పోతుంది, రేడియేషన్ దెబ్బ తిన్న డీఎన్ఏని కణం తిరిగి అతుక్కోలేదు, అంటే అదే డోసుకి ఎక్కువ కణాలు చస్తాయి. టొరంటోలో సన్నీబ్రూక్ ఆసుపత్రి వాళ్ళు వేడి కూడా లేకుండా ఇంకోరకంగా చేశారు, స్కానింగ్‌లో వాడే సన్నటి గాలిబుడగల్ని రక్తంలోకి ఎక్కించి, గడ్డ దగ్గర అల్ట్రాసౌండ్‌తో వాటిని అదిలిస్తే గడ్డకి రక్తం తెచ్చే నాళాల లోపలి పొర దెబ్బతింటుంది, దాని మీద రేడియేషన్ పెడితే గడ్డ మామూలు కంటే బాగా కరుగుతుంది. 2012లో వాళ్ళు ఇది చూపించింది ఎలుకల్లో పెంచిన మనిషి ప్రొస్టేట్ గడ్డల మీద. ముందు ముందు మనుషులకి ఇది మామూలు వైద్యం కావాలని నేనూ కోరుకుంటున్నా. కానీ మీ నాన్నగారి తుంటి నొప్పి ఇవాళ్టిది.

ఇవాళ గట్టిగా రుజువున్నవి ఏవో చెప్తా. హార్మోన్ ఇంజెక్షన్ ఈ జబ్బుకి పునాది. మగ హార్మోన్ ఆపితే ప్రొస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లోనే చూపించిన చార్లెస్ హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ ఇచ్చారు. దాంతోపాటు మగ హార్మోన్‌ని ఇంకా అణిచే అబిరాటిరోన్ లాంటి మాత్ర ఇంకా మొదలుపెట్టకపోతే ఎందుకు పెట్టలేదో అడగండి, ఇంజెక్షన్ ఒక్కటే వాడేదానికంటే రెండూ వాడితే ఎక్కువ కాలం బతుకుతారని పెద్ద ట్రయల్సే చెప్పాయి. గ్రంథికి కూడా రేడియేషన్ అన్నారే, అది ఊరికే అన్నది కాదు. బ్రిటన్ వాళ్ళ స్టాంపీడ్ ట్రయల్‌లో 2018లో తేలింది, ఎముకల్లో మచ్చలు తక్కువ ఉన్నవాళ్ళకి గ్రంథికి కూడా రేడియేషన్ పెడితే మూడేళ్ళ తర్వాత 100 లో 81 మంది బతికున్నారు, పెట్టనివాళ్ళలో 73 మంది. మచ్చలు ఎక్కువ ఉన్నవాళ్ళకి ఆ లాభం కనపడలా. మీ నాన్నగారివి మూడు మచ్చలు, మొదటి వరసలోకి వస్తారు. వదులుకోవాల్సిన అవకాశం కాదన్నా ఇది.

ఇంకో రెండు సంగతులు అడగండి. ఒకటి, తుంటి దగ్గర మచ్చ తొడ ఎముక మెడలో ఉందా, తొడ ఎముక తల కూర్చునే కటి ఎముక గిన్నెలో ఉందా. తొడ ఎముకలో పెద్దదిగా ఉంటే బరువు పడి విరిగిపోవచ్చు, అలాంటప్పుడు రేడియేషన్ కంటే ముందు ఎముకల డాక్టరు ఒకసారి ఎక్స్‌రే చూసి రాడ్ వేయాలా వద్దా చెప్పాలి. తేలేదాకా చేతికర్ర లేకుండా నడవనీయబాకండి. రెండోది మన కనిగిరి, దర్శి, పొదిలి వాళ్ళకే ప్రత్యేకం. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా గట్టిగా కనపడుతుంది, బోన్ స్కాన్‌లో కూడా వెలుగుతుంది, ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలోకి పోయినా అట్టాగే తెల్లగా కనపడుతుంది. అందుకని ఆ మూడు మచ్చలూ క్యాన్సరేనా, ఇంకా ఎక్కువున్నాయా అనేది ఎమ్మారైతో గానీ ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్ని వెలిగించి చూపే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌తో గానీ ఖాయం చేసుకున్నారా అని అడగండి. మచ్చల లెక్క మారితే గ్రంథికి పెట్టాలా వద్దా అనే నిర్ణయమే మారుతుంది. మా ఊరి నుంచి వచ్చిన వాళ్ళు కేస్ షీట్‌లో తాగే నీళ్ళ సంగతి చెప్పరు, బయటి ఊరి డాక్టర్లకి అడగాలని తట్టదు. మీరే చెప్పండి.

పెన్నా_ఒడ్డు:

అబ్బాయ్, నాది నెల్లూరు, కోవూరు దగ్గర. మా నాయనకి ఇదే జబ్బు 2019లో వచ్చినాది, నాలుగేళ్ళు మాతో ఉండాడు. చదువు మాటలు వాళ్ళు చెప్పినారు, ఇంట్లో ఏమైతదో నేను చెప్తా.

మా నాయనకి కటి ఎముకకి సింగిల్ షాట్ రేడియేషన్ పెట్టినారు, 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలతంట) అని రాసినారు, ఒక్కసారే. పది రోజులు పెట్టేదానికీ ఇదానికీ నొప్పి తగ్గడంలో తేడా ఉండదమ్మా, కాకపోతే ఇంకోసారి పెట్టాల్సి రావచ్చు అని చెప్పినారు. పొద్దున పినాకిని రైల్లో చెన్నై పోయి రాత్రికి ఇంటికొచ్చేసినాం. ఆ రాత్రి నుంచి నొప్పి ఎక్కువైపోయినాది, మూడు రోజులు మనిషి నిద్రపోలా, మేమంతా కరెంటు వికటించినాదని ఏడుస్తా కూర్చున్నాం, మా అమ్మ అయితే నన్నే తిట్టింది నువ్వే తీసకపోతివని. ఫోన్ చేస్తే తెలిసినాది, మొదట్లో కొందరికి అట్టా పొంగుతాదంట, దానికి మాత్రలు ఉండాయంట, ముందే ఇస్తే ఆ బాధే ఉండేది కాదు. మాకెవరూ చెప్పలా. నువ్వు ముందే అడిగి రాయించుకో అబ్బాయ్. నాలుగో రోజు నుంచి దిగినాది, మూడో వారానికి మా నాయన మిద్దె మెట్లెక్కి పైన పిట్టగోడ మీద చేతులేసి నిలబడుండాడు, నేను కింద నుంచి చూసి కేకేసినా.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోబాక. రెండో ఏడు ఒకరోజు మా నాయన వరండాలో నుంచి వాకిట్లోకి వస్తా ఉంటే ఎడమ కాలి చెప్పు జారి వెనకనే ఉండిపోయినాది, ఆయనకి తెలియలా, వట్టి కాలితో నడుస్తా ఉండాడు. నాయనా చెప్పు అంటే కిందకి చూసుకుని, ఉందనుకున్నానే అన్నాడు. నాకు గుండె జారిపోయినాది, ఎందుకంటే ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పి ఉండాది, కాళ్ళు మొద్దుబారినా, బలం తగ్గినా, ఒంటేలు మళ్ళా ఆగినా తెల్లారేదాకా ఆగబాకండి అని. ఆ రాత్రే తీసకపోయినాం, ఎమ్మారై తీస్తే వెన్నుపూసలో గడ్డ వెన్నుపాముని నొక్కతా ఉండాది. తెల్లారకముందే స్టెరాయిడ్ పెట్టి, మర్నాడే రేడియేషన్ మొదలుపెట్టినారు. మా నాయన చివరిదాకా తన కాళ్ళ మీద తనే నడిచినాడు. అదే వార్డులో రెండ్రోజులు ఆలస్యంగా వచ్చిన ఒకాయన మంచం దిగలా. మీ నాయనకి ఇప్పుడు వెన్నులో లేదన్నారు, మంచిదే, కానీ నువ్వు, మీ అమ్మ, ఇంట్లో అందరూ ఈ సంగతి తెలుసుకుని ఉండండి.

డబ్బు విషయం. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే పాత ఆరోగ్యశ్రీలో, రేడియేషన్ ఉచితంగా పెడతారు, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని కూర్చోని ఉంటారు, ముందు ఆమెనో ఆయన్నో కలువు. ఆ వీడియో కోసం పొలం అమ్మబాక.

కనిగిరి_కందిచేను:

అక్కా, మీ చెప్పు సంగతి చదివి మా అమ్మకి చదివి వినిపించా, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. అన్నలకి, అక్కకి చేతులెత్తి దండం పెడుతున్నా. మీరు చెప్పినవన్నీ ఒక కాయితం మీద రాసుకుని శుక్రవారం డాక్టరు గారి దగ్గరికి పోతున్నా. మా నాయనకి కావలి అన్న రాసిన పెద్దాయన కథ చెప్పా, ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడంట అంటే చాలా రోజుల తర్వాత మొహంలో నవ్వు చూశాను. చూసొద్దాంలే అన్నాడు, వస్తానని మాత్రం ఇంకా అనలేదు.

కనిగిరి_కందిచేను (ఐదు వారాల తర్వాత):

చెప్తానన్నా కదా, ఆలస్యమైంది. ఫ్లోరైడ్ మాట చెప్పేసరికి డాక్టరు గారు కాసేపు ఆలోచించి పెట్ స్కాన్‌కి రాశారు. అందులో కుడి తుంటిది, కటి ఎముకలో ఒకటి మాత్రం గట్టిగా వెలిగినయి, మూడోది వెలగలా, అది పాత ఫ్లోరైడ్ ఎముకే అయ్యుండొచ్చన్నారు. మూడనుకున్నవి రెండయినాయి. తుంటిది గిన్నెలో ఉంది, తొడ ఎముక బాగానే ఉంది, రాడ్ అక్కర్లేదని ఎముకల డాక్టరు చెప్పాడు. అబిరాటిరోన్ మాత్ర మొదలుపెట్టారు. అల్ట్రాసౌండ్ సంగతి అడిగితే ఆయన కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పారు, రేడియేషన్ పెట్టినాక కూడా తుంటి నొప్పి నిలబడిపోతే అప్పుడు దాని గురించి ఆలోచిద్దాం, అప్పటిదాకా దాని జోలికి పోబాకండి అన్నారు.

సింగిల్ షాటే పెట్టారు. పొంగు రాకుండా మాత్రలు ముందే రాయించుకున్నా, రెండో రోజు కొంచెం ఎక్కువైంది, అంతే. రెండు వారాల దాకా ఏమీ తేడా కనపడకపోతే మళ్ళా భయం పట్టుకుంది, కావలి అన్న మూడు వారాలన్నాడు కదా అని ఓపిక పట్టాం. పదిహేడో రోజు పొద్దున నేను పాలు పితుకుతుంటే వెనకనుంచి దగ్గు వినపడింది, తిరిగి చూస్తే మా నాయన కొట్టం దగ్గరికి కర్ర పట్టుకుని నడిచొచ్చి నిలబడున్నాడు. మంచం ఎట్టా దిగాడో ఎవరూ చూడలా. పీఎస్ఏ 212 నుంచి 9 కి దిగింది.

వచ్చే నెల నుంచి గ్రంథికి 20 సార్లు పెడతారు, వారానికి ఐదు రోజులు. రోజూ తిరగలేం కాబట్టి ఆసుపత్రి పక్కనే రూమ్ చూస్తున్నా. దానికి ముందుగా ఏమన్నా జాగ్రత్తలు ఉంటే కావలి అన్న చెప్పాలి.

కావలి_లైనాక్:

సంతోషం తమ్ముడూ. ఒక్కటే జాగ్రత్త, పెట్టే టైముకి రోజూ మూత్రసంచి ఒకే తీరుగా నిండుండాలి, వెనక మలం లేకుండా ఖాళీగా ఉండాలి. మూత్రసంచి నిండితే పేగుల్ని పైకి తోస్తది, అవి కిరణాల దారిలోకి రావు. అర లీటర్ బాటిల్ ఒకటి దాని కోసమే పెట్టుకోండి, ఒంటేలు పోసి వచ్చి ఆ బాటిల్ మొత్తం తాగి అరగంటో ముప్పావు గంటో ఆగడం, ఎంతసేపో మీ ఆసుపత్రిలో చెప్తారు. మీ నాయన ఒకసారి ఒంటేలు ఆగిన మనిషి కాబట్టి మధ్యలో ధార సన్నబడినా, మంట వచ్చినా దాచుకోకుండా మా టెక్నాలజిస్టులకి ఆ పూటే చెప్పమను, పెద్దోళ్ళు మొహమాటపడి చెప్పరు. శనగపప్పు, క్యాబేజీ లాంటి గ్యాస్ పట్టేవి ఆ నెల తగ్గించండి. రూమ్ ఆసుపత్రికి నడిచేంత దూరంలో, కింద అంతస్తులో చూసుకో.